పంచవన్నెల చిలుక పళ్లెం

తెలుగువానికి చిలుకతో ఉన్న చుట్టరికం ఈనాటిది కాదు. ముద్దుముద్దుగా మాటలాడే బిడ్డ చిలుక. చక్కగా మడిచిన తమలపాకు చిలుక. మన్మథుని వాహనం చిలుక. గోదాదేవి చేతిలోనిది చిలుక. పట్టుచీర అంచున బారులు తీరినదీ చిలుకే. గోడకు కొట్టి బట్టలు తగిలించుకొనే కొయ్యకు సైతం చిలుకకొయ్య అని పేరు పెట్టుకొన్నాము. భాషలో ఇంత చోటిచ్చి ఆదరించిన జాతి, ఆ పక్షి ఏమి తిని బ్రతుకుతుంది అన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం ఒక్క మాటతో సరిపెట్టుకొన్నది. ఆ మాట గింజ.

అర్థం విచారింపకుండా వల్లించే మాటను మనం చిలుకపలుకు అంటాము. విచారించి చూస్తే, ‘చిలుకకు గింజలే ఆహారం’ అన్నది చిలుకను గురించి మనుష్యులు వల్లిస్తున్న చిలుకపలుకు. మాట పొరపాటుగా ఉంటే నష్టం నిఘంటువుకు మాత్రమే అయినట్లయితే నేనీ వ్యాసం వ్రాయనక్కరలేదు. ఈ పొరపాటు వల్ల నోరున్నా చెప్పుకోలేని ప్రాణి ఒకటి ఏండ్ల తరబడి కృశిస్తున్నది. అందువల్లనే ఈ విషయం పాఠకుల ముందుంచవలసి వచ్చినది.

కొన్నేండ్లుగా హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో కలిగినవారి ఇండ్లకు కొత్త చిలుకలు వచ్చి చేరుతున్నవి. అవి మన రామచిలుకలు కావు. రామచిలుకను పట్టడం గాని, అమ్మడం గాని, పంజరంలో పెట్టి పెంచడం గాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. 2018లో ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్రపక్షిగా ఎన్నుకొన్నది ఆ రామచిలుకనే. ఇప్పుడు వస్తున్నవి దక్షిణ అమెరికా అడవుల మకా చిలుకలు, ఆఫ్రికా బూడిదరంగు చిలుకలు, ఆస్ట్రేలియా ప్రాంతపు కకటూలు. నీలమూ పసుపూ కలిసిన పెద్ద మకా ఒకటి సుమారు కిలో తూగుతుంది. మన రామచిలుకలు ఏడెనిమిది కలిస్తేగాని దాని తూకానికి సరిరావు. మన పేదరాసి పెద్దమ్మ కథలలోని పంచవన్నెల చిలుక నిజంగానే వసారాలోకి వచ్చి వాలినదా అనిపిస్తుంది. సరిగా పోషిస్తే యాభై ఏండ్లు బ్రతుకగల జీవి అది. తెచ్చినవారి తరువాత వారి బిడ్డల చేతిలో కూడా అది తినవలసి ఉంటుంది.

అటువంటి పక్షికి ఏమి పెట్టవలెనన్నది చిన్న ప్రశ్న కాదు. పంజరం పక్షి నుండి ఆకాశాన్ని తీసివేస్తుందని కవులు చెప్పినారు. అది మరొక దానిని కూడా తీసివేస్తుంది. ఈ పూట ఏ చెట్టు మీద వాలవలెను, ఏ పండు కొరకవలెను, ఏ చిగురు గిల్లవలెను అన్న నిర్ణయాన్ని తీసివేస్తుంది. ఆ నిర్ణయం తీసుకొన్నవాడు ఆ భారం కూడా తీసుకొనవలెను. ఇదే నేను చెప్పదలచిన మాట. చిలుకకు ఇష్టమైనది పెట్టడం లాలన. దానికి కావలసినవన్నీ అమర్చి పెట్టడం పోషణ. లాలించడం తెలిసినంత మాత్రాన పోషించడం తెలిసినట్లు కాదు.

గింజ అన్న మాట మనకెట్లా పట్టుబడినదో మొదట చూతాము. చెట్టు నీడన పంజరం పెట్టుకొని కూర్చున్న చిలుకజోస్యుని అందరూ ఎరుగుదురు. చిలుక బయటికి వచ్చి ఒక చీటీ తీసి యిస్తుంది, అతడు దాని ముక్కుకు ఒక గింజ అందిస్తాడు, అది తిరిగి పంజరంలోకి పోతుంది. గింజ అక్కడ ఆహారం కాదు, కూలి. పిల్లనాడు చూచిన ఆ దృశ్యమే మన మనస్సులో చిలుక భోజనంగా నిలిచిపోయినది. ఇక ఈనాడు అంగళ్లలో చిలుకల మేత అని అమ్మే పొట్లంలో ఎక్కువ భాగం పొద్దుతిరుగుడు గింజలే. అనాదిగా చిలుక తింటున్నది ఇదేనని కొనేవారి నమ్మకం. పొద్దుతిరుగుడు పుట్టినది ఉత్తర అమెరికాలో. మన దేశంలో దానిని నూనెపంటగా ప్రవేశపెట్టినది 1969లో. ఆఫ్రికా అడవిలోని బూడిదచిలుక గాని, అమెజాన్ అడవిలోని మకా గాని తమ తాతముత్తాతల కాలంలో ఈ పూవును చూచి ఎరుగవు. అరవై ఏండ్లయినా నిండని అలవాటును సంప్రదాయమనుకొని సమాధానపడుతున్నాము.

నిజమైన సంప్రదాయం దీనికంటె ఉదారమైనది. ఏడవ శతాబ్దిలో బాణభట్టు రచించిన కాదంబరిలో కథ చెప్పేది వైశంపాయనుడనే చిలుక. భోజనమైనదా అని రాజు అడిగినప్పుడు ఆ చిలుక చెప్పిన జాబితాలో నేరేడు రసమున్నది, దానిమ్మ గింజలున్నవి, ఉసిరిక ఉన్నది. బూరుగు చెట్టు తొర్రలో పెరిగిన నాటి సంగతి చెప్పేటప్పుడు, ముసలి తండ్రి ఏరి తెచ్చిన వరి గింజలనూ పండ్ల తునకలనూ తలచుకొంటుంది. కవి కల్పించిన చిలుకే కావచ్చును. కాని దాని నోటికి ఒకటే గింజ అందించాలన్న ఆలోచన ఆ మహాకవికి రాలేదు. వెనుకటి తరాలవారు పెరటి చిలుకకు జామపండు ముక్క, పచ్చిమిరపకాయ, నానిన శనగలు, పాలకంకి అందించేవారు. శాస్త్రం చదివి చేసినది కాదు. ఇంట్లో ఉన్నదానిలో తలా ఒకటి పెట్టినారు, అంతే. వైవిధ్యం దానంతటదే అమరినది.

అన్నట్లు, ఆ మిరపకాయ గురించి ఒక మాట. మనలను కంటనీరు పెట్టించే మిరపకారం చిలుకను ఏమీ చేయదు. ఆ మంటను పసిగట్టే గ్రాహకం పక్షులలో మరొక తీరుగా ఉండటం వల్ల దానికి కారం సోకదు. మిరప, జామ, బొప్పాయి, వేరుశనగ ఇవన్నీ అమెరికా ఖండాలలో పుట్టి, ఐరోపా ఓడల రాకపోకలు మొదలైన తరువాత మనకు చేరినవి. మకా చిలుకా ఆ ఖండానిదే. మన పెరటిలోని జామచెట్టూ, మన వసారాలోని మకా ఒక ఊరివారేనన్నమాట!

అడవిలో ఈ పెద్ద చిలుకలు ఎట్లా తింటున్నవో పరిశీలించినవారు చెప్పిన విషయాలు ఆసక్తికరమైనవి. మకా చిలుకలు కాయలు, విత్తులు, పండ్లు, పూలు, చిగుళ్లు తింటవి. పెరూ దేశంలోని మనూ, తంబోపాత ప్రాంతాలలో ఏటిగట్ల మీద గుంపులు గుంపులుగా వాలి బంకమట్టి కూడా కొరికి తింటవి. ఆ నేలలలో అరుదైన సోడియం కొరకని ఒక వివరణ, పచ్చికాయలలోని విషాలను మట్టి పట్టివేస్తుందని మరొక వివరణ. ఏది నిజమైనా, తనకు కొరతగా ఉన్నదానిని వెదకికొని పోయే స్వేచ్ఛ దానికున్నదన్నది స్పష్టం. బ్రెజిల్ పంటనాల్ చిత్తడి నేలలలో తిరిగే ఊదా నీలి మకా ముఖ్యంగా రెండు జాతుల తాటిచెట్ల కాయల మీద బ్రతుకుతుంది. అందుచేత దానికి కొవ్వు ఎక్కువ కావలెను. ఆఫ్రికా బూడిదచిలుకకు ఆయిల్ పామ్ పండు గుజ్జు ప్రియం. ఆ చెట్టు ఇప్పుడు మన గోదావరి జిల్లాలలో తోటలు తోటలుగా ఉన్నది. ఎర్రని ఆ గుజ్జు నిండా కెరోటిన్ ఉంటుంది. మన అంగడికి వచ్చే శుద్ధి చేసిన నూనెలో ఆ రంగూ ఉండదు, ఆ గుణమూ ఉండదు. కనుక చిలుక అన్న ఒక్క పేరు కింద అన్నింటినీ ఒకే పంక్తిలో కూర్చుండబెట్టడానికి వీలులేదు. ఏ జాతి పక్షి వచ్చినదో, దాని పుట్టినింట ఏమి పండుతుందో తెలిసికొనడం పెంచేవాని మొదటి పాఠం.

మా కళాశాలలో చదివి ఇప్పుడు వ్యాపారంలో స్థిరపడిన శిష్యుడొకరి ఇంటికి పోయినప్పుడు అటువంటి మకాను చూచినాను. వెండి గిన్నె నిండా పొద్దుతిరుగుడు గింజలు, పక్కన జీడిపప్పు. పక్షి రొమ్ము మీద మాత్రం ఈకలు లేవు; తానే పీకివేసుకొన్నది. “ఇది తప్ప మరేదీ ముట్టదండీ మాస్టారూ! పండు పెట్టితే విసిరికొడుతుంది. దాని ఇష్టం కాదనలేక ఇదే పెడుతున్నాము” అన్నాడు. అతని ప్రేమను శంకించవలసిన పని లేదు. లక్షలు పోసి తెచ్చి వెండిగిన్నెలో పెడుతున్నాడు. అయినా ఆ గిన్నెలో ఉన్నది ప్రేయమే గాని శ్రేయం కాదు.

ప్రేయమన్నది మనస్సుకు నచ్చినది. శ్రేయమన్నది మేలు కూర్చేది. ఈ రెంటినీ వేరు చేసి చూపిన దేశం మనది. అయితే అడవిచిలుకకు ఈ రెంటికీ తగవు లేదు. కొవ్వు నిండిన గింజ అక్కడ అరుదు. దొరికినా గట్టి పెంకు పగులగొట్టవలెను. దొరికే చెట్టుకు కోసుల దూరం ఎగురవలెను. అందువల్ల కనిపించినప్పుడు వదలకుండా తినుమని ప్రకృతి దానికి నేర్పినది. ఆ బుద్ధి అడవిలో దానిని కాపాడుతుంది. మనం ఎగిరే శ్రమ తీసివేసి, వెదకే శ్రమ తీసివేసి, ఆ అరుదైన గింజనే రోజూ గిన్నెడు పోసినాము. ప్రాణం కాపాడవలసిన బుద్ధే ప్రాణం మీదికి తెచ్చినది. తప్పు పక్షి నాలుకది కాదు, మనం కూర్చిన గిన్నెది. ‘దానికి ఇదే ఇష్టం’ అన్న సమాధానం అందుకే చెల్లదు. మిఠాయి తప్ప మరేమీ ముట్టనని మారాం చేసే పసివానికి మూడు పూటలా మిఠాయే పెట్టే తల్లిని మనం ప్రేమమూర్తి అంటామా?

గింజలు మాత్రమే తినే చిలుకకు కలిగే నష్టాలు పశువైద్యులకు కొత్తవి కావు. పొద్దుతిరుగుడు పప్పు తూకంలో సుమారు సగం కొవ్వే. ఏ విటమిన్ దానిలో దాదాపు లేదు. కాల్షియం తక్కువ, భాస్వరం ఎక్కువ. ఏ విటమిన్ కొరవడిన చిలుకకు నోటిలో తెల్లని పొక్కులు లేస్తవి, ముక్కు కారుతుంది, శ్వాసకోశ వ్యాధులు సులభంగా పట్టుకొంటవి. కాల్షియం చాలని బూడిదచిలుక ఉన్నట్టుండి మూర్ఛపోయి కొమ్మ మీదినుండి పడిపోతుంది. కొవ్వు పేరుకొన్న కాలేయం వాచిపోతుంది, ధమనులు గట్టిపడుతవి. ఇవేవీ ఒక్కనాటిలో కనిపించేవి కావు. పైగా జబ్బును దాచుకొనడం పక్షుల స్వభావం. నీరసించినట్లు కనిపించిన పక్షి వేటపక్షి కంట పడుతుంది గనుక, చివరిదాకా బాగున్నట్లే మసలుతుంది. యజమానికి తెలిసేనాటికి సగం దారి నడిచిపోయి ఉంటుంది.

ఒకే తిండి చేసే హానిని మానవజాతికి కండ్లకు కట్టినట్లు చూపినది కూడా పక్షులేనన్నది ఇక్కడ గుర్తు చేయవలసిన సంగతి. 1890 ప్రాంతాలలో జావా ద్వీపంలో ఐక్మన్ అనే డచ్చి వైద్యుడు, తెల్లగా పాలిషు పట్టిన బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం, తవుడు పోని బియ్యం పెట్టగానే అవి కోలుకొనడం గమనించినాడు. బెరిబెరి వ్యాధి గుట్టు, విటమిన్లు అన్న భావన, ఆ కోళ్లగూటి నుండి వెలువడినవే. 1929లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చినది. దంపుడు బియ్యం విలువను తెలుగు ఇండ్లలో ఇప్పుడు మళ్లీ చెప్పుకొంటున్నాము. పక్షి మనకు నేర్పిన పాఠాన్ని పక్షికే వర్తింపజేయకపోవడం కృతజ్ఞత అనిపించుకోదు.

అయితే ఏమి పెట్టవలెను? పెద్ద చిలుకలకు వైద్యులు సాధారణంగా సూచించే పళ్లెంలో సగానికి పైగా చిలుకల కొరకే తయారుచేసిన సమతుల ఆహారపు గుళికలుంటవి. రంగులూ చక్కెరా కలపనివి మేలు. తరువాతి స్థానం కూరలది, ఆకులది. పండు కొద్దిగా. గింజలు, బాదం, అక్రోటు వంటివి పండుగనాటి పిండివంటల వలె, మచ్చికకు బహుమానంగా ఒకటి రెండు. పరదేశపు పక్షి గదా అని పరదేశపు కూరగాయల కొరకు పరుగెత్తనక్కరలేదు. లోపల పచ్చగానో ఎర్రగానో పండే గుమ్మడి, క్యారెట్టు, నారింజరంగు చిలగడదుంప, బొప్పాయి, మామిడి వంటివి ఏ విటమినుకు మూలమైన కెరోటినును ఇస్తవి. ఆకుకూరలలో మునగాకుకు సాటి వచ్చేవి తక్కువ. మనం పులుసులో వేసి మరచిపోయే ఆ ఆకులో కాల్షియం సమృద్ధిగా ఉన్నది. పాలకూర మంచిదేగాని, దానిలోని ఆక్జాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది కనుక రోజూ తగదు. బెండకాయ, చిక్కుడు, బీరకాయ, మొక్కజొన్న పొత్తు, లేత జొన్నకంకి, ఉడికించిన కొర్రలు, మొలకెత్తిన పెసలు, దానిమ్మ, నేరేడు, జామ, సీమచింతకాయ మన సంతలో దొరకనివా? బొబ్బర్లు, రాజ్మా వంటి ఎండు గింజలను మాత్రం నానబెట్టి, బాగా ఉడికించి పెట్టవలెను. కాల్షియం కొరకు మూలికల అంగళ్లలో దొరికే సముద్రఫేనం ముక్క పంజరానికి కట్టవచ్చును. దానికి తోడు ఉదయపు ఎండ కావలెను. కిటికీ అద్దం గుండా వచ్చే వెలుగు చాలదు. డి విటమిను పుట్టించే కిరణాలను అద్దం ఆపివేస్తుంది.

పండు విషయంలోనూ మితం అవసరం. మనం సాగుచేసే పండ్లు అడవిపండ్లకంటె చాలా తియ్యనివి. పండే గదా అని గంపెడు పెట్టితే గింజల స్థానంలో చక్కెర వచ్చి కూర్చుంటుంది.

పెట్టకూడని వాటి జాబితా అంతకంటె ముఖ్యమైనది. అవకాడో అనే వెన్నపండు మనుష్యులకు ఆరోగ్యకరమని ఈమధ్య మన నగరాలలో వ్యాపించినది. చిలుకకు అది ప్రాణాంతకం. చాకొలేటు, కాఫీ, టీ, మద్యం సరేసరి. ఉల్లి, వెల్లుల్లి తగవు. ఆపిలు పెట్టవచ్చును, గింజలు తీసివేయవలెను. వాటిలో సయనైడును పుట్టించే పదార్థమున్నది. పాలు పోయరాదు; పక్షి పాలు త్రాగి పెరిగే జాతి కాదు, పాలలోని చక్కెరను అరిగించుకొనే ద్రవ్యం దాని కడుపులో లేదు. ఇక మన వాడుకలో అతి సామాన్యమైన అపచారం మరొకటి ఉన్నది. టీవీ చూస్తూ మనం తినే జంతిక ముక్క, అప్పడం, కారప్పూస, బిస్కత్తు ముద్దుగా దానికీ అందించడం. అరవై కిలోల మనిషికి చిటికెడనిపించే ఉప్పు, కిలో తూగే పక్షికి చిటికెడు కాదు. వంటింటిలో మాడిన నాన్‌స్టిక్ మూకుడు పొగ సైతం చిలుకను నిమిషాలలో చంపగలదు. పంజరాన్ని పొయ్యి దగ్గర పెట్టరాదు.

వేరుశనగ విషయం విడిగా చెప్పవలెను. బూజు పట్టిన కాయలో పుట్టే ఆఫ్లటాక్సిన్ అనే విషం కంటికి కనిపించదు. 1960లో ఇంగ్లండులో లక్ష దాకా టర్కీ కోళ్లు కారణం తెలియకుండా చనిపోయినప్పుడు వెదకగా వెదకగా అది బ్రెజిలు నుండి వచ్చిన వేరుశనగ పిండిలో బయటపడినది. ఆ విషాన్ని శాస్త్రం గుర్తించినది ఆ విధంగానే. మనం తినడానికి ఏరి పక్కనపెట్టిన కాయలను చిలుకకు వేసే అలవాటు ఎక్కడైనా ఉంటే అది వెంటనే మానవలసినది.

ఇన్ని పెట్టినా అది ముట్టకపోతే? ముట్టదు, మొదట. కొత్త వస్తువును శంకించడం చిలుక స్వభావం. అందుకని ఒక్కసారిగా గింజలు ఆపి పస్తు పెట్టడం ప్రమాదం. పాతదానిని వారాల మీద తగ్గిస్తూ కొత్తదానిని పెంచవలెను. ఆ దినాలలో రోజూ ఉదయం తూచి చూడవలెను. తూకం జారుతూ ఉంటే ఆగి, పక్షుల వైద్యునితో సంప్రదించవలెను. గిన్నె నిండుగా కనిపిస్తున్నదని నమ్మరాదు, పైన తేలేవి చాలాసార్లు ఒలిచి పారవేసిన పొట్టు మాత్రమే. చిలుక గుంపుగా తినే పక్షి. ఇంటివారే దాని గుంపు. దాని ఎదుట కూర్చుండి అదే క్యారెట్టు ముక్క రుచిగా నమిలి చూపితే, వంద ఉపన్యాసాలు చేయని పని అది చేస్తుంది. మన ఎండలకు కోసిన పండూ, ఉడికిన గింజా త్వరగా పులుస్తవి. ఒకటి రెండు గంటలలో తీసివేయవలెను. నీరు రోజుకు రెండుసార్లయినా మార్చవలెను.

ఏమి పెట్టామన్నదే కాక ఎట్లా పెట్టామన్నది కూడా పోషణలో భాగమే. కృష్ణా, గోదావరి తీరాల ఇండ్లలో వరికంకులను కుచ్చుగా అల్లి పిచ్చుకల కొరకు చూరుకు వేలాడదీసే ఆచారం పాఠకులు ఎరిగినదే. పళ్లెంలో వడ్లు పోయవచ్చును గదా, కుచ్చు ఎందుకు? పిచ్చుక దానిమీద వాలి, వేలాడి, ఊగి, ఒక్కొక్క గింజను లాగి తింటుంది. ఆ శ్రమలో దానికొక సంబరం ఉన్నది. అడవిచిలుకకు పగటిలో పెద్ద భాగం తిండి వెదకడంలోనే గడుస్తుంది. గిన్నెలోని చిలుకకు ఆ పని చిటికెలో ముగుస్తుంది. మిగిలిన పగలంతా ఏమి చేయవలెను? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అమెజాన్ చిలుకల మీద జరిగిన పరిశోధన, వెదకి, విప్పి, చీల్చి తినే ఏర్పాటు కల్పించినప్పుడు ఈకలు పీకుకొనే దురలవాటు తగ్గుతుందని 2003లో చూపినది. కాగితంలో చుట్టిన బెండకాయ, కొబ్బరిపీచులో దాచిన పప్పుగింజ, పంజరం కమ్మీల మధ్య గుచ్చిన మునగరెమ్మ, వీటికి ఖర్చేమున్నది? మన పూర్వులు పిచ్చుకకు చేసిన మర్యాద మనం మకాకు చేయలేమా?

‘పిల్లలకే పుష్టికరమైన తిండి లేని దేశంలో చిలుక పళ్లెం గురించి ఇంత చర్చయా?’ అని అడుగువారుంటారు. న్యాయమైన ప్రశ్నే. కాని ఆ ప్రశ్న వేయవలసినది పక్షిని కొనేటప్పుడు, కొన్న తరువాత కాదు. కొన్నది మన ముచ్చట కొరకు. పక్షి మనలను అడిగి రాలేదు. ఆ ముచ్చటకయ్యే ఖర్చులో మునగాకు, గుమ్మడిముక్క వెల ఎంత? నిజానికి పిల్లల కంచంలోనూ పక్షి పళ్లెంలోనూ మనం చేస్తున్నది ఒకే అపచారం. పిల్లవాడికి ఇష్టమని పొట్లాలలోని చిరుతిండి, పక్షికి ఇష్టమని పొట్లంలోని గింజ. రెండుచోట్లా అంగడివాడు నిర్ణయించిన దానిని ప్రేమ అని పిలుస్తున్నాము.

చట్టం కొంతవరకు చేసినది. బూడిదచిలుకలను అడవులలో పట్టి అమ్మే వ్యాపారం మీద అంతర్జాతీయ నిషేధం 2016లో నిర్ణయమై 2017లో అమలుకు వచ్చినది. మన వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించినారు. 2024లో వెలువడిన నియమాల ప్రకారం అంతర్జాతీయ ఒప్పందపు జాబితాలలోని పరదేశపు జంతువులను పెంచేవారు వాటిని ప్రభుత్వం వద్ద నమోదు చేయించుకొనవలెను. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, పెంపుడు ప్రాణికి చాలినంత తిండీ నీరూ నీడా ఇవ్వకపోవడం నేరమన్నది. ఇక్కడొక మాటను గమనింపవలెను. చట్టం అడిగేది చాలినంత తిండి. నిండుగిన్నె చూపినవానిని అది ఏమీ అనదు. కాని చాలినంత వేరు, తగినంత వేరు. కడుపు నిండా తిని కృశించే ప్రాణి ఉంటుందని చట్టానికి తెలియకపోవచ్చును. పెంచేవానికి తెలియాలి.

బూరుగుచెట్టును నమ్ముకొన్న చిలుక కథ మనకు వాడుకలో ఉన్నదే. ఎర్రని పూలు చూచి మంచి పండు పండుతుందని కాచుకొని కూర్చుంటే, చివరకు కాయ పగిలి దూది ఎగిరిపోయినదట. ఆ కథను ఇంతకాలం ఆశపోతులను హెచ్చరించడానికి వాడుకొన్నాము. అడవిలోని చిలుకకు బూరుగు మోసం చేస్తే పక్కన మరొక చెట్టు ఉంటుంది. పంజరంలోని చిలుకకు ఉన్నది ఒక్కటే చెట్టు. అది మనం. ఆ చెట్టుకు కొమ్మకొక తీరు పండు కాయవలసిన బాధ్యత మనది. అంత ఓపిక లేనివారు పంచవన్నెల చిలుకను కథలోనే ఉండనివ్వడం మంచిది. అక్కడ దానికి ఏ లోటూ లేదు.